మేడమ్ బోర్డు మీద నా ఆదివారం

సోమవారం, రాత్రి

మామూలు రోజుల్లో ఎన్ని గంటలు చదువుతారు, ఆదివారం ఎన్ని గంటలు అని స్టాటిస్టిక్స్ మేడమ్ క్లాసులో ఒక్కొక్కరినీ అడిగి బోర్డు మీద వేసింది. ఆదివారం నాది సున్నా.

"ఏం పాపా, ఆదివారమంతా నిద్రేనా?"

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"నాయనకు భుజం నొప్పి ఉండాది మేడమ్. మగ్గం నేనే నేస్తాండా."

క్లాసు అయ్యాక పక్కకు పిలిచింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"మా పాప పెండ్లికి ధర్మవరం పట్టుచీర కావల్ల. అంగడి రేటు కాదు, మీ ఇంటి రేటుకే ఇప్పియ్."

ఇంటికొచ్చి చెబితే నాయనకు కోపమే రాలేదు. "నేసిద్దాం లేమ్మా. మార్కులేసేది ఆయమ్మే కదా" అన్నాడు.

నేసిద్దామట! ఆయన చెయ్యి పైకి లేవదు. నేయాల్సింది నేను, అదీ ఆదివారాలే. తన కూతురి పెళ్లిచీరకు పోయిన ఆ ఆదివారాలకు కూడా ఈవిడ బోర్డు మీద సున్నానే వేస్తుంది.