412వ సభ్యురాలి మరణం గురించి

జూన్ 10, బుధవారం, ఉదయం 10.20

ప్రమాద బాధ్యతల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మొన్న సోమవారం మీ అధీనంలో ఉన్న గ్రంథాలయం మెట్ల మీద పడ్డాను. నిన్న రాయకపోవడానికి కారణం, నిన్నంతా కాలికి కట్టు కట్టించుకోవడంతోనే సరిపోయింది. ఇవాళే రాయడానికి కారణం, జ్ఞాపకం రోజుకింత అరిగిపోతుంది. కాగితం అరగదు.

జరిగింది ఇది. మేడ మీది చదువుగదిలోంచి 10.40కి బయల్దేరాను. చంకలో మూడు పుస్తకాలున్నాయి. మెట్ల మొదట్లో వాచ్‌మన్ ఎదురొచ్చి, "అమ్మగారూ, ఆ రెయిలింగు..." అని ఏదో మొదలుపెట్టాడు. ఇక్కడ మాట్లాడకూడదనీ, చెప్పేదేమైనా ఉంటే ఫిర్యాదుల రిజిస్టరులో రాయమనీ చెప్పి దిగసాగాను. మెట్లు పదిహేడు. ఆరో మెట్టు దగ్గర రెయిలింగు పట్టుకున్నాను. అది ఊడి నాతోపాటు వచ్చింది. మిగతా పదకొండు మెట్లూ లెక్క తప్పకుండానే దిగాను, కాకపోతే కాళ్ళతో కాదు.

కుడి మడమ పైన ఎముక విరిగింది. నాకు పరిహారం అక్కర్లేదు. దీనికి బాధ్యులెవరో తేల్చి, ఆ మనిషి చేత తప్పు ఒప్పుకుంటున్నట్టు రాయించి పంపండి. అంతే.

ఇట్లు,
సభ్యురాలు, సంఖ్య 412

తా.క.: కాలు తొమ్మిది అంగుళాల ఎత్తున ఉండాలని డాక్టరు చెప్పాడు. మా దిండు ఆరంగుళాలే. మెట్ల మీద పడ్డ నా పుస్తకాలు ఏరి ట్యాక్సీ డ్రైవరు తెచ్చి పడేసిన సంచిలోంచి మా మనవరాలు లావుపాటి పుస్తకమొకటి తీసి దిండు కింద పెట్టింది. స్కేలు పెట్టి చూశాను. సరిగ్గా తొమ్మిది.

---

జూన్ 17

కీర్తిశేషురాలు 412వ సభ్యురాలి వారసులకు,

మీ కుటుంబానికి కలిగిన తీరని లోటుకు మా విభాగం సంతాపం తెలుపుతోంది. చనిపోయినవారు చదువరి, క్రమశిక్షణకు మారుపేరు అని వారి ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మృతికి బాధ్యులెవరో తేల్చేందుకు విచారణ మొదలైంది. మరణ ధ్రువపత్రం నకళ్ళు మూడు పంపగలరు.

భవదీయుడు,
విభాగాధికారి

తా.క.: మృతురాలి సంతకం ఒక నమూనా కావాలి. కొత్తదైతే మంచిది.

---

జూన్ 19, శుక్రవారం, ఉదయం 9.05

అధికారి గారికి,

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా ఎవరూ నన్ను ఇంతగా పొగిడింది లేదు, అందుకు కృతజ్ఞతలు. కాని నేను పోలేదు. పడ్డాను. రెండింటికీ తేడా ఉందని మా డాక్టరూ అంటున్నాడు.

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ వ్యవహారం. నేను స్వయంగా రాసిన ఉత్తరం చదివి నేను పోయానని ఎలా తేల్చారో వివరించండి. సంతకం నమూనా కింద ఉంది. కొత్తదే.

ఇట్లు,
సభ్యురాలు, సంఖ్య 412, సజీవం

తా.క.: మీ ఉత్తరం ముందు మా మనవరాలి చేతిలో పడింది. చదువుకుంటూ నా గదిలోకొచ్చి, "అమ్మమ్మా, నీకేమైనా చెప్పాలనుందా?" అని అడిగింది. ఈ కాలపు పిల్లలకు వేళాకోళం ఎక్కువ.

---

జూన్ 29

412వ సభ్యురాలి వారసులకు, వారి ద్వారా సభ్యురాలికి,

వివరణ ఇదండీ. గాయాల ఫారాలు మార్చి నుంచి అయిపోయాయి. ఫారం లేనిదే ఉత్తరాన్ని నమోదు చేయలేం. మరణాల ఫారాలు చాలా మిగిలున్నాయి. రెండింటిలోనూ గడులు ఒకటే, ఒక్కటి తప్ప. మా గుమాస్తా పని ఆగకూడదని మీ వివరాలు అందులో ఎక్కించాడు. మృతి తేదీ గడి ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు కనుక ప్రమాదం తేదీ వేశాడు.

వాస్తవం తెలుసుకోవడానికి మా ఇన్‌స్పెక్టరు 25న మీ ఇంటికి వచ్చాడు. అతని నివేదిక: "మృతురాలు చంకకర్రలతో వచ్చి తలుపు తీశారు. విచారణకు సహకరించారు. టీ ఇచ్చారు. నా దస్తూరీ బాగోలేదన్నారు." దీన్నిబట్టి మీరు జీవించి ఉండే అవకాశం ఉందని విభాగం భావిస్తోంది. అయితే నమోదైన మృతిని రద్దు చేయాలంటే వారసులు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి.

ఇంతలో నిబంధన ప్రకారం, మృతికి కారకుడుగా వాచ్‌మన్‌ను పనిలోంచి నిలిపివేశాం. రెయిలింగు వదులైందని ముందే రిజిస్టరులో రాశానంటాడు. ఆ రిజిస్టరు గ్రంథాలయంలో ఎక్కడా లేదు. జూలై 24న తుది విచారణ. రుజువు లేకపోతే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పోయినట్టే.

భవదీయుడు,
విభాగాధికారి

తా.క.: టీ బాగుందని మా ఇన్‌స్పెక్టరు చెప్పమన్నాడు. దస్తూరీ దిద్దుకుంటున్నాడు.

---

జూలై 1, బుధవారం, మధ్యాహ్నం 3.30

అధికారి గారికి,

మీ ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి, "మృతురాలు ఉన్నారాండీ?" అన్నాడు. "ఉన్నాను, కాళ్ళు తుడుచుకుని రా," అన్నాను. ఇంకేం రుజువు కావాలి?

నిన్న వాచ్‌మన్ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "అమ్మగారూ, మీరు పోయారని నన్ను తీసేస్తున్నారమ్మా. ఒక్కసారి ఆఫీసుకొచ్చి పోలేదని చెప్పండి," అన్నాడు.

"నేను పోకపోయినా కాలు విరిగిందిగా. రెయిలింగు ఊడిందని ఎందుకు రాయలేదు?"

"రాశానమ్మా! నా పిల్లల మీద ఒట్టు. పొద్దున్నే రాశాను. మీతో చెప్పబోతే మాట్లాడొద్దన్నారు."

"రాసింది రాసినచోటే ఉంటుంది. కాళ్ళొచ్చి నడిచిపోదు."

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ నడక చూశాక నాకు నిద్ర పట్టలేదు. అతను అబద్ధమాడే మనిషి కాదు. ఇరవై రెండేళ్ళలో నా గొడుగు తొమ్మిదిసార్లు మరిచిపోతే తొమ్మిదిసార్లూ దాచి ఇచ్చాడు. అంటే రిజిస్టరును ఎవరో తీశారు. పేదవాడి నోట మన్ను కొట్టడానికి సిద్ధపడ్డ ఆ మనిషిని వెతకండి. దొరికాక శిక్ష నేను చెబుతాను, రాసుకోండి. నెల రోజులు, పది నుంచి ఐదింటి దాకా, ఆ మెట్ల మొదట్లో కూర్చుని, వచ్చినవారందరికీ జాగ్రత్త చెప్పాలి. చదువరులందరి ముందు వాచ్‌మన్‌ను క్షమాపణ అడగాలి. ఎంత పెద్దవారైనా సరే. వయసు గియసు చూడనక్కర్లేదు.

ఇట్లు,
సభ్యురాలు, సంఖ్య 412

తా.క.: వారసురాలి అభ్యంతరం దీనికి జతచేశాను. సంతకం పెట్టేముందు మా మనవరాలు రెండు నిమిషాలు ఆలోచించింది. ఆ రెండు నిమిషాలూ రాసి పెట్టుకున్నాను.

---

జూలై 8

గౌరవనీయులైన అమ్మగారికి,

మీరు సూచించిన శిక్ష ఫైలులో చేర్చాం. పై అధికారులకు నచ్చింది. ఆమోదించారు.

అభ్యంతర పత్రం అందింది. అది పరిశీలనలో ఉంది. అంతవరకు మీరు ఫైలులో మృతురాలే, దయచేసి ఏమీ అనుకోవద్దు.

రెయిలింగు బిగించిన మేస్త్రీని విచారించాలనుకున్నాం. ఆయన తొమ్మిదేళ్ళ కిందట పోయారు. మా పద్నాలుగో నిబంధన ప్రకారం చనిపోయినవారిపై ఎలాంటి బాధ్యతా మోపరాదు. కనుక వాచ్‌మన్ ఒక్కడే మిగిలాడు. నాకూ బాధగానే ఉంది. కాని రిజిస్టరు లేదే!

ఇంకొక చిన్న సందేహం. ప్రమాద సమయంలో చంకలో మూడు పుస్తకాలని రాశారు. మీ కార్డు మీద ఆ రోజు రెండే ఉన్నాయి. ఆ రెండూ మీ మనవరాలు జూన్ 22న తిరిగి ఇచ్చారు. ఇంకొకటి పొరపాటున రాసి ఉంటారనుకుంటాను. పెద్ద వయసు కదా.

భవదీయుడు,
విభాగాధికారి

తా.క.: దిద్దిన దస్తూరీ చూపించడానికి మా ఇన్‌స్పెక్టరు ఈ ఉత్తరం నకలు తనే రాశాడు. మార్కులు వెయ్యగలరు.

---

జూలై 10, శుక్రవారం, సాయంత్రం 5.50

అధికారి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం ఇవాళ 4.15కి అందింది. ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, రేపటిదాకా ఆగితే నాకు ధైర్యం చాలకపోవచ్చు.

"పెద్ద వయసు కదా" అన్నచోట ఒళ్ళు మండింది. నేను లెక్క తప్పడమా? మూడంటే మూడే. రెండు తిరిగిచ్చాం, మూడోది నా కాలి కింద ఉంది. దాని పేరు రాసి మీ మొహాన కొడదామని మనవరాలిని తియ్యమన్నాను.

అది తీసి, దుమ్ము దులిపి, అట్ట చూసి, "అమ్మమ్మా, దీని మీద ఫిర్యాదుల రిజిస్టరు అనుందేమిటే?" అంది.

అధికారి గారూ, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే విన్నాను. కాలి కింద పెట్టుకుని వెతికించినదాన్ని నేనే.

ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉదయం చదువుగదిలో ఆ రిజిస్టరు తిరగేశాను. పుటలకు అంకెల్లేవు, అంచులకు గీతల్లేవు. చూడలేకపోయాను. ఇంటికి తీసుకెళ్ళి అన్నీ గీసి మర్నాడు పెట్టేద్దామని, ఎవరికీ చెప్పకుండా, నా రెండు పుస్తకాలతో కలిపి చంకన పెట్టుకున్నాను. పడ్డ అదురుకి ఆ సంగతి తలలోంచి జారిపోయింది. మూడన్న అంకె మాత్రం నిలిచింది. నా బుర్ర సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

చివరి పుట తీశాను. "జూన్ 8, ఉదయం 9.15. మెట్ల రెయిలింగుకు స్క్రూలు ఊడిపోయినవి. ఎవరూ పట్టుకోరాదు. వాచ్‌మన్." తేదీ ఉంది, వేళ ఉంది, సంతకం ఉంది. నేనే రాసినా ఇంతకన్నా బాగా రాయలేను. ఆ హెచ్చరికను చంకలో ఇరికించుకుని, రిజిస్టరులో రాయమని అతనికే బుద్ధి చెప్పి, వెళ్ళి ఆ రెయిలింగే పట్టుకున్నాను.

మే నెలలో అతను ఇదే ఫిర్యాదు మరో నాలుగుసార్లు రాశాడు. ప్రతి నెలా మీరు చూసి సంతకం పెట్టాలని అట్ట లోపల అచ్చు వేసి ఉంది. ఒక్క సంతకమూ లేదు. కాబట్టి తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసుకుంటున్నాను. మీది మీకోసం అక్కడే ఉంది.

మొదటి ఉత్తరంలో బాధ్యుల చేత ఒప్పుకోలు రాయించి పంపమని అడిగాను. ఇదే ఆ ఒప్పుకోలు. నకలు తీసుకుని నాకొకటి పంపండి.

తా.క. ఈసారి కిందికి వెయ్యడం లేదు, కింద జాబితా ఉంది. ఇన్‌స్పెక్టరుకు పదికి ఆరు. వరస వంకర పోతోంది.

ఇక జరగవలసినవి:

1. రిజిస్టరు పోస్టులో పంపను. మీ ఆఫీసులో కాగితాలకు ఏ గతి పడుతుందో చూశాను. 24న విచారణకు చంకకర్రలతో నేనే వచ్చి ఇస్తాను. పుటలకు అంకెలు వెయ్యలేదు. చెయ్యి దురద పెడుతోంది గాని, ఇప్పుడది సాక్ష్యం.

2. వాచ్‌మన్‌ను అదే రోజు పనిలోకి తీసుకోవాలి. నిలిపివేసిన రోజులన్నీ పనిచేసినట్టే లెక్క.

3. చదువుగదిలో అందరి ముందు అతన్ని క్షమాపణ అడుగుతాను. గట్టిగానే అడుగుతాను. ఆ ఐదు నిమిషాలూ నిశ్శబ్దం నియమం సడలించాలి.

4. రెయిలింగు బిగించాలి. ఎనిమిది స్క్రూలు చాలు. నేను దొర్లుతూ లెక్కపెట్టాను.

5. నాలుగు ఫిర్యాదులను చూడనిదెవరో తేల్చాలి. వెతకడం మీ గదిలో అద్దంతో మొదలుపెట్టండి.

6. మెట్ల మొదట్లో నెల రోజులకు చేతుల కుర్చీ ఒకటి, తొమ్మిదంగుళాల స్టూలు ఒకటి సిద్ధం చెయ్యండి. శిక్ష వేసేటప్పుడు వయసు చూడొద్దన్నది నేనే. మెట్ల రెండోవైపు మీరు కూర్చోదలిస్తే కుర్చీ మీరు తెచ్చుకోండి.

7. వీటన్నిటికన్నా ముందు, 24వ తేదీలోగా నన్ను బతికించాలి. మీ పద్నాలుగో నిబంధన చదివాను. చచ్చినదాన్ని శిక్షించడానికి వీల్లేదు.

ఇట్లు,
బాధ్యురాలు, సంఖ్య 412