పంపు నీళ్లు పోసిన నారు

వదినగారికి,

మీ అమ్మాయిని మావాడి వెంట పంపుతున్నాను. ఈ ఉత్తరం అమ్మాయి లేనప్పుడు చదవండి. ఏడో నెలలోనే ఎందుకు పంపారని కంగారుపడకండి. మా అత్తాకోడళ్ల మధ్య మాటామాటా ఏమీ రాలేదు.

చలి ఇంకా పోలేదని పెరట్లోని చిన్న గాజు గదిలో టమాటా, వంకాయ విత్తనాలు వేశాం. పీపాలో పట్టిన వాననీళ్లు సగం ట్రేలకే సరిపోయాయి. మిగతా వాటికి అమ్మాయి పంపు నీళ్లు పోసింది. వాననీళ్ల నారు నిటారుగా లేచింది. పంపు నీళ్ల నారు రెండాకులు వేసి, మెలికలు తిరిగి, వారంలో నల్లబడింది. మళ్లీ వేశాం, మళ్లీ అంతే.

ఫిర్యాదు చేస్తే నీళ్ల ఆఫీసాయన వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు. నిన్న మళ్లీ వచ్చి, "నీళ్లు భేషుగ్గా ఉన్నాయమ్మా, మీ మట్టిలోనే ఏదో తెగులుంది" అని కాగితం చేతిలో పెట్టాడు. అమ్మాయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిస్తే దాహం లేదన్నాడు. అమ్మాయి లోపలికి వెళ్లాక గేటు దగ్గర ఆగి, "ఎన్నో నెలండీ?" అని అడిగాడు. చెప్పాను.

"ఇక్కడ ఉంచకండి. నేనన్నానని ఎక్కడా అనకండి" అన్నాడు, నా మొహం చూడకుండా.

అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు. మీరు బెంగపెట్టుకున్నారన్నాను, మీరూ అదే మాట మీద ఉండండి. వెంటనే మంచి లేడీ డాక్టరుకి చూపించండి. ఆవిడ ఏం చెప్పినా దాచకుండా రాయండి. కాపురానికి వచ్చిన రోజు నుంచీ దానికి ఆ నీళ్లే తాగించాను, వదినా.