ముందు నీళ్ళకే

వదినకు,

నువ్వూ పాపా మీ పుట్టింట్లో కాస్త కుదుటపడ్డారనుకుంటాను. ఇక్కడి సంగతి ఎవరి నోటో నీ చెవిన పడకముందే నేను చెప్పాలి.

వానలకు కొండచరియ మన వీధి మీద పడ్డాక, డీజిలుకు డబ్బు లేక తవ్వకం ఆగిపోయిందని నీకు తెలుసు. విపత్తు సాయం అందేదాకా ఊరు నడవడానికి ప్రభుత్వం మా మున్సిపాలిటీకి అత్యవసరంగా అప్పిచ్చింది. పెద్ద చేబదులనుకో. అది తవ్వకానికీ మంచినీళ్ళకీ రెండిటికీ చాలదు.

కౌన్సిలు సమావేశంలో ఇంజనీరు, "ముందు నీళ్ళండీ. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి" అన్నాడు. మిగతా సభ్యులంతా నావైపే చూశారు. మట్టి కింద ఉన్నది మా అన్నయ్యేనని వాళ్ళకు తెలుసు. నేనే ముందు చెయ్యెత్తాను.

నిన్న కుళాయిలు వచ్చాయి. అందరూ బిందెలు నింపుకుని నవ్వుతుంటే నాకు ఒక్క గుక్క దిగలేదు. మట్టిదిబ్బ పక్కన నడుస్తుంటే అన్నయ్య దగ్గు వినిపిస్తుంది. "ఇంకా ఎంతసేపురా?" అంటున్నట్టే ఉంటుంది. ఆ దారిన వెళ్ళడం మానేశాను. అయినా వినిపిస్తూనే ఉంది.

అప్పులో రెండో విడత మంజూరైంది. సోమవారం మళ్ళీ తవ్వుతారు. నువ్వు రావద్దు వదినా, గుర్తుపట్టడానికి నేనుంటాను. కానీ ఇన్నాళ్ళయ్యాక ముఖం చూసి పోల్చుకోలేమంటున్నారు. ఆ పొద్దున అన్నయ్య ఏ చొక్కా వేసుకున్నాడో ఒక్క ముక్క రాయి.

నీ మరిది