మారుపేరు ఎదురుగా కూర్చుంది

మంగళవారం, అశోక్‌నగర్ రూము.

ఉద్యోగ పరీక్షల ఆన్‌లైన్ గ్రూపులో వారం నుంచి నన్ను ఆడిపోసుకుంటున్న ‘పులిబిడ్డ’ ఎవరో ఈరోజు తెలిసిపోయింది. చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ నా ఎదురుగా కూర్చునే అబ్బాయే!

మధ్యాహ్నం చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టి, “అక్కా, చాయ్ తాగొస్త. జర నా బ్యాగు చూస్తవా?” అన్నాడు. ఎంత మర్యాదో! ఆ ఫోన్‌లో మా గ్రూపే తెరిచి ఉంది. ‘పుస్తకం ముట్టనోళ్లు గూడ’ అని సగం టైపు చేసి ఉంది. ఫోన్ తీసుకుని వెళ్లాడు. కాసేపటికి పూర్తి మెసేజ్ పులిబిడ్డ పేరుతో నా ఫోన్‌కు వచ్చింది: ‘పుస్తకం ముట్టనోళ్లు గూడ జవాబులు చెప్పుడేంది?’ ఆ మాట నన్నే. అది చదువుతూ అతని బ్యాగుకే కాపలా కాస్తున్నాను.

అతనెవరో గ్రూపులో చెప్పేయొచ్చు. నేను ఆ పని చేయను. అతను తప్పంటున్నది కాకతీయుల చెరువుల మీద నేను చెప్పిన జవాబును. అది సరైనదే. పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టి, కింద రాశాను: ‘పులిబిడ్డ గారూ, ఇదీ ఆధారం. నాది తప్పని తేలితే ఇక్కడే ఒప్పుకుంటాను.’

అతను తిరిగొచ్చి ఫోన్ చూశాడు. ఫోటో మూలన తన ఎర్ర బ్యాగు కనిపిస్తోంది. బ్యాగు వైపు చూశాడు. తర్వాత నా వైపు.

కావాలని తీయలేదు. అంటే... తీసేముందు బ్యాగును కొంచెం జరపొచ్చు కదా, జరపలేదు. ఇది మర్యాద కిందికి వస్తుందా?

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, “అక్కా, ఆ పుస్తకం ఒకసారి ఇస్తరా?” అన్నాడు.

ఇచ్చాను. గ్రూపులో మాత్రం పులిబిడ్డ ఇంతవరకూ నోరు విప్పలేదు. రేపు వస్తాడో, రాడో. నేనైతే అదే కుర్చీలో కూర్చుంటాను.