ఇసుక నింపని తలుపు

అరేయ్ మల్లేశం, ఎట్లున్నవ్‌ర? ఉత్తరం రాసుడు ఆలస్యమైంది, ఏమనుకోకు. నువ్వు పోయి రేపటికి ఏడాది.

నీ బిడ్డ స్వప్న ఇప్పుడు తలుపుల్లేని నీ జీపు నడుపుతుంది. "కాకా, పొలం బాటంతా గుంతలే, పడిపోయేటట్టున్న. బాపు అనుకున్న పైపు తలుపులు పెట్టియ్యి" అన్నది. నా ఇనుప దుకాణంల పైపే ఇచ్చి, కొత్త వెల్డరుకు అప్పజెప్పిన.

థూ! నువ్వైతే ముడత పడకుండ పైపుల ఇసుక నింపి వంచుతుంటివి, వీడు నింపకుండనే వంచిండు. వంపుకాడ పైపు నమిలిన చెరుకుగడ లెక్క నొక్కుకపోయింది.

"ఇసుకెందుకు సేటూ? రంగేస్తే ఎవడు చూస్తడు?" అన్నడు.

గా మాటకు రోతపుట్టింది. వాణ్ణి నమ్మిన నా మీద ఇంకా రోతపుట్టింది. తలుపు తుక్కుల ఏసిన.

నీ వెల్డింగు షెడ్డుల వెతికితే మూలకు ఒక పైపు దొరికింది. లేపితే బరువుంది. ఇసుక నింపి, రెండు దిక్కుల కట్టెముక్కలు కొట్టి, వంచుడే తరువాయిగ పెట్టినవ్. నేనే వంచిన. ఒక్క ముడత పడలే. ఎడమ తలుపు తయారైంది.

కుడి తలుపు పైపుకు ఇసుక నేనే నింపిన. గట్టిగ కూరిన్నో లేదో నువ్వొచ్చి కొట్టి చూడాలె. ఎప్పుడు కలుద్దాం చెప్పు?