పాలు ముందొచ్చాయి

అక్కకు,

నీ చెల్లె సరోజన దూరం నుంచే కాళ్లకు మొక్కి రాస్తోంది. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? కేసముద్రంలో వాన పడిందా? ఈ వరంగల్‌లో మబ్బు పట్టడమే గానీ చుక్క రాలదు, ఒకటే ఉక్క. మీ మరిదికి మిల్లు పని అలవాటైంది. సాయంత్రం జుట్టు నిండా దూదితో ముసలాడిలా వస్తాడు. నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాస్తున్నాను, కింద చదివి కంగారు పడతావని.

ఒడిబియ్యం పట్టుకుని బయలుదేరొద్దని అమ్మకు చెప్పు. నాకు కడుపు రాలేదు అక్కా.

నెల తప్పిన మాట నిజం. పాలు వచ్చిన మాటా నిజం, జాకెట్ తడిసేది. మా అత్త చూసి, "పాలు ముందుగాల్నే దిగినయ్! కడుపు పండింది పో" అని వాడకట్టంతా చాటింది. ఇన్నేళ్లు ఎదురుచూసినదాన్ని, నేనెందుకు అనుమానిస్తాను? తినబుద్ధి కాకపోయినా చింతకాయ తిన్నాను.

కడుపు మాత్రం పెరగలేదు. తలనొప్పి పెరిగింది. పక్క నుంచి వచ్చే సైకిళ్లు కనబడక గుద్దించుకోబోయాను. మీ మరిది భయపడి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తలకు ఎక్స్‌రే తీశారు, రక్తం హైదరాబాద్ పంపించారు.

డాక్టరమ్మ మంచిది, కూర్చోబెట్టి చెప్పింది. ముక్కు వెనకాల, మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుందట. అందులో కొన్ని కణాలు పాలు తెప్పించే హార్మోను తయారుచేస్తాయి, కొన్ని నెలసరిని నడిపే హార్మోన్లు తయారుచేస్తాయి. నాకు పాల కణాలు గడ్డ కట్టి పెరిగాయి. "పసిపిల్లకు పాలిచ్చే తల్లికి నెలసరి ఆగుతది గద? నీ ఒళ్లు గూడ బిడ్డ ఉన్నదనుకుంటున్నది. అందుకే రెండో కణాలకు పనిజెయ్యమనే కబురే పోతలేదు" అంది. క్యాన్సర్ కాదట. కానీ పెరిగితే కంటి నరాన్ని నొక్కుతుందట. గోలీలు వాడితే గడ్డ కరుగుతుంది, పాలు ఆగుతాయి, నెలసరి రావచ్చు, ఆ తర్వాత పిల్లలూ కలగొచ్చు. అన్నీ 'వచ్చు'లే అక్కా, 'వస్తాయి' అని ఒక్కటీ అనలేదు.

గోలీలు తెచ్చుకున్నాను గానీ మింగలేదు. ఎందుకో చెబుతాను, తిట్టకు. మా పక్క గదిలో ఖాజాబీ అని ఉంటుంది, నన్ను సొంత చెల్లెలా చూస్తుంది. ఆమెకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. పసిది రజియా డబ్బాపాలు తాగితే కక్కేసేది. ఆ ఏడుపు వినలేక నేనే రొమ్ము ఇచ్చాను. తాగిన కొద్దీ పాలు పెరిగాయి. డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే తల పట్టుకుంది. "అది చీకినకొద్దీ నీ హార్మోను ఎక్కువైతది. ఇయ్యాల్నే ఆపు" అంది. నా జబ్బే ఆ పిల్లకు అన్నం అక్కా, ఎలా ఆపను?

ఖాజాబీకి చెప్పలేదు. మీ మరిదే చెప్పేశాడు. ఆమె గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"ఏందే, నా పోరి కోసం నీ కండ్లు పోగొట్టుకుంటవా?"

"అదేం తాగుతదక్కా మరి?"

"ఉగ్గు తినే ఈడొచ్చింది, తింటది. గంజి దాగుతది. నువ్వు మింగు. నా ముంగట్నే మింగు."

మజ్జిగన్నం తినిపించి మరీ మింగించింది. ఆ పూటంతా కళ్లు తిరిగాయి, కక్కుకున్నాను. ఇప్పుడు కొంచెం నయం. పాలు తగ్గిపోతున్నాయి. సంతోషించాలి కదా? రజియా నా జాకెట్ కేసి మూతి చాపినప్పుడల్లా ఏడుపొస్తోంది. మా అత్త నాతో మాట్లాడటం లేదు. మీ మరిది మాత్రం, "నువ్వుంటె సాలు, జర ఫికర్ జెయ్యకు" అంటాడు. అంటూ అటు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటాడు.

ఉగ్గుకు పాత బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, విసిరి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. అమ్మకు మెల్లగా చెప్పు, పొలం నుంచి రాగానే చెప్పకు, అన్నం తిన్నాక చెప్పు. బాపుకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నాకిప్పుడు నిజంగా కావాలి.

ఇంకో మాట. ఒక్క తల్లి పాలు తాగిన పిల్లలు ఖాజాబీ వాళ్ల మతంలో తోడబుట్టిన వాళ్లేనట, పెళ్లి కూడా చేయరట. ఖాజాబీ రజియాను నా ఒళ్లో పెట్టి, "నీకు పుట్టేటోనికి గీమె అక్క. యాదిపెట్టుకో" అంది. నవ్వాను. అక్క ఒళ్లో ఆడుకుంటోంది. తమ్ముడే ఇంకా లేడు.

నీ చెల్లె,
సరోజన