ఇంజను ఆపి చూసిన గేరు ఆయిల్

మంగళవారం, రాత్రి

ఆటోమేటిక్ కారు గేరుబాక్సు పోయింది. వారం నుంచి డ్రైవ్‌లో వేయగానే మూలుగుతోంది. ఇవాళ డయాలసిస్ నుంచి మా ఆవిడ విజయను తీసుకొస్తుంటే హొసకోటె రోడ్డు మీద ఇంజను అరిచిందే గాని బండి కదల్లేదు. నీరసంతో సోలిపోతున్న మనిషిని ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చాను.

సాయంత్రం మెకానిక్ ఓబులేసు బండిని లాక్కొచ్చాడు. ఏడాది కింద "గేరు ఆయిల్ తక్కువ ఉండాది సార్, యాడో కారతా ఉండాది" అన్నందుకు నేను దొంగా అని తిట్టి పంపిన మనిషి. ఆఫీసులో నలభై ఏళ్లు దొంగల మధ్య బతికాను, ఎవణ్నీ నమ్మను. ప్రతి ఆదివారం కొలత కడ్డీ నేనే తీసి చూశాను. ఎప్పుడూ నిండుగానే ఉంది. ఓబులేసుతో అదే అన్నాను.

"ఇంజను ఆపి చూస్తే అట్లే కనబడతాది సార్. వేడిమీద, ఆన్‌లో పెట్టి చూడాల. బీరువా నిండా బుక్కులు చదివినారు, కారుతో ఇచ్చిన బుక్కు చదవలేదా?"

ఇంజను ఆన్ చేసి కడ్డీ తీశాడు. కొస మాత్రమే తడిసింది. నల్లటి నూనె, మాడు వాసన.

"ఏమైందంట?" అని విజయ మంచం మీంచి అడిగింది.

"ఓబులేసు పాడుచేశాడు."

"వాణ్ని మళ్లా గడప తొక్కనీకండి," అంది.

గురువారం పొద్దున ఆరింటికి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తన వ్యాను తెస్తానని ఓబులేసు తనంతట తనే చెప్పి వెళ్లాడు. అది ఆమెకింకా చెప్పలేదు.